నాలుగో అంతస్తు తలుపు

ఆ కట్టడంలో దుమ్ము పట్టని వస్తువు ఒక్కటే కనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి.

చొక్కాలు కుట్టే వర్క్‌షాపు అది. నూట ఇరవై మిషన్లు రోజంతా తిరిగితే లేచే నూలు పొట్టు కిటికీ ఊచల మీద, ట్యూబులైట్ల మీద, గోడ గడియారం ముళ్ల మీద కూడా పేరుకుపోయి ఉంది. సరుకుల లిఫ్ట్ తిరిగే గోతి లోపలి గోడల సంగతీ అంతే. కానీ ఆ గోతిలో, నాలుగో అంతస్తు తలుపుకి సరిగ్గా పైన బిగించిన అరచేతంత ఇనప పెట్టె మూత మాత్రం ఎవరో పనిగట్టుకుని తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దాని నాలుగు స్క్రూల తలలూ గీసుకుపోయి కొత్తగా మెరుస్తున్నాయి.

ఆ పెట్టెను చూడడానికి ఆమె పడిన అవస్థ తక్కువేమీ కాదు. కరెంటు తీయించి, లిఫ్టును ఐదో అంతస్తులో ఆపించి, నడుముకి తాడు కట్టుకుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ తాడు పట్టుకుంటే, గుమ్మం అంచున మోకాళ్లూని, తల గోతిలోకి పెట్టి, మెడ పూర్తిగా వెనక్కి వంచితే గానీ అది కంటబడలేదు. అలా వంగి ఉన్నప్పుడు పైన చీకట్లో లిఫ్ట్ అడుగుభాగం కనిపిస్తోంది. అది కదిలితే ముందు తగిలేది తన తలకే.

నిన్న ఉదయం పది గంటల నలభై ఒక్క నిమిషానికి ఇదే తలుపులోంచి ఒకామె గోతిలో పడి చనిపోయింది. కుట్టు పూర్తయిన చొక్కాలను తనిఖీ చేసే మనిషి. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండేది గనక అందరూ ఆమెను కత్తెరక్క అనేవాళ్లు. నలభై మూడేళ్లు. పదిహేనేళ్లుగా అక్కడే పని. మేనేజరు ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆమె తొందరలో తలుపు లాగి, లిఫ్ట్ ఉందో లేదో చూసుకోకుండా అడుగు వేసింది. తప్పు ఆమెదే.

కుట్టుపనివాళ్లు చెప్పింది వేరు. ఆ తలుపు గడియ అరిగిపోయింది, లిఫ్ట్ లేకపోయినా లాగితే వచ్చేస్తుంది. ఆ సంగతి మొదట పట్టుకున్నదే కత్తెరక్క. ఎనిమిది నెలలుగా ఆమె ఆ లిఫ్టులో కాలు పెట్టలేదట. చొక్కాల మూటలు భుజాన వేసుకుని మెట్ల మీదే ఎక్కి దిగేది. కొత్తగా పనిలో చేరినవాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ ఆ తలుపు చూపించి, దీని జోలికి పోవద్దని చెప్పేదట.

అలాంటి మనిషి చూసుకోకుండా ఎందుకు అడుగు వేస్తుందని ఇన్‌స్పెక్టర్ అడిగితే మేనేజరు నీళ్లు నమిలాడు. ఇంట్లో ఏవైనా చికాకులు ఉన్నాయేమో, మనసు మనసులో లేదేమో అన్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని నివేదికలోని ఒక వాక్యం కింద గీత గీసింది. 'తలుపు స్విచ్ పరీక్షించడమైనది, సక్రమంగా ఉన్నది, సమయం 11.10.'

పోలీసులు వచ్చింది పదకొండు ఇరవై ఐదుకి. శవాన్ని పైకి తీసింది పదకొండు యాభైకి.

*

మెకానిక్‌ని గుండీల గదిలో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుంటాయేమో, బక్కపల్చటి మనిషి. లిఫ్టుల మరమ్మతు కంపెనీ తరఫున ఈ కట్టడం అతని వంతు. రంగురంగుల గుండీల డబ్బాల మధ్య, తలెత్తకుండా కూర్చున్నాడు. స్విచ్ సంగతి అడిగితే మొదట బాగానే ఉందన్నాడు. మూత మీద పొట్టు ఎందుకు లేదని అడిగేసరికి మొత్తం చెప్పేశాడు. అబద్ధం మోసి మోసి అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

తలుపు తెరిచి ఉంటే లిఫ్ట్ కదలకూడదు. ఆ సంగతి చూసుకునేదే ఆ పెట్టెలోని స్విచ్. అది అరిగిపోయి, తలుపు మూసి ఉన్నా లిఫ్ట్ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతుండేది. సరుకు దిగడం ఆలస్యమవుతోందని పైనుంచి ఒత్తిడి. కొత్త స్విచ్ వచ్చే వరకూ అని చెప్పి, పాత స్విచ్ రెండు కొసలనూ ఒక తీగ ముక్కతో కలిపేశాడు. అప్పట్నుంచీ తలుపు బార్లా తీసి ఉన్నా, మూసే ఉందని లిఫ్ట్ నమ్ముతుంది. పెట్టె మూత వేయడానికి తీగ అడ్డం వస్తే, మూతనే ఒక స్క్రూ మీద అలా వేలాడదీశాడు. అది జరిగి ఎనిమిది నెలలు. నిన్న పొద్దున కింద సరుకు సర్దేవాడు మామూలుగా బటన్ నొక్కాడు. ఐదో అంతస్తులో ఉన్న లిఫ్ట్ మామూలుగా దిగింది.

"ఆ తీగ ఎప్పుడు తీశావు?"

"నిన్ననే మేడమ్. మేనేజరుగారు ఫోన్ చేశారు. పోలీసులు వచ్చేలోపు సరిచెయ్యమన్నారు. నేను పక్క వీధిలోనే ఉన్నాను."

"పదకొండు పదికి ఎక్కడున్నావు?"

"ఇక్కడే. నాలుగో అంతస్తులో."

"అప్పటికి ఆమె కింద ఉంది."

అతను రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు.

ఆ పొద్దున్నే శవపరీక్ష చేసిన డాక్టరు ఫోన్ చేసి చెప్పిన మాట ఇన్‌స్పెక్టర్ మనసులో మెదులుతూనే ఉంది. పడీపడగానే ప్రాణం పోలేదు, అరగంట, ఇంకాస్త ఎక్కువే కొట్టుకుని ఉండొచ్చు అన్నాడాయన. ఆ సంగతి మెకానిక్‌కి చెప్పాలా వద్దా అని ఆమె తటపటాయించింది. చివరికి చెప్పలేదు. కానీ అతని ముఖం చూస్తే, చెప్పనవసరం లేదనిపించింది.

"పోయిందనుకున్నాను మేడమ్," అన్నాడు.

"ఎవరు చెప్పారు పోయిందని?"

"ఎవరూ చెప్పలేదు. ఎవరూ దిగి చూడలేదు. అంత ఎత్తునుంచి పడితే ఇంకేం బతుకుతుందిలే అని అందరూ అనుకున్నారు. కిందనుంచి ఫోన్ మోగింది. రెండుసార్లు."

"నువ్వేం చేశావు?"

"మూడో స్క్రూ బిగిస్తున్నాను. బిగించాను. నాలుగోది కూడా బిగించాను."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమె ఎందరో హంతకులతో మాట్లాడింది. కొందరు అరిచేవారు, కొందరు కాళ్ల మీద పడేవారు, ఒకడైతే నవ్వుతూనే ఉండేవాడు. సిగ్గుతో ఇలా కుంచించుకుపోయినవాడిని మాత్రం చూడలేదు. అయితే ఇతను హంతకుడా అంటే ఆమె దగ్గర జవాబు లేదు. రాసుకున్న వాంగ్మూలం చదివి వినిపించి, సంతకం చేయించుకుని లేచింది.

ఫోన్ మోగిందంటే ఫోన్ ఉండాలి. నిన్న స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో కత్తెర ఉంది, చెప్పులు ఉన్నాయి, కళ్లద్దాల ముక్కలు ఉన్నాయి. ఫోన్ మాత్రం లేదు. కానిస్టేబుళ్లని అడిగితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శవాన్ని తీశాక మళ్లీ గోతిలోకి దిగినవాళ్లు లేరు.

ఈసారి ఆమే దిగింది. గోతి అడుగున చీలమండ లోతు మురికినీళ్లు, నూనె, తడిసి ముద్దైన నూలు. లిఫ్ట్ జారిపడితే ఆపడానికి పెట్టిన పెద్ద స్ప్రింగు వెనక, గోడకీ దానికీ మధ్య ఇరుక్కుని ఉంది ఫోన్. నీటికి పైనే ఉంది. అద్దం పగిలింది గానీ నొక్కగానే వెలిగింది. 'చెల్లి' అన్న పేరుతో అందుకోని పిలుపులు పద్నాలుగు. మొదటిది పదకొండు ఎనిమిదికి, రెండోది పదకొండు పదకొండుకి. లోపలికి వెళ్లాలంటే నాలుగంకెల నంబరు కావాలి. ఆ చెల్లెల్ని పిలిపించమని స్టేషన్‌కి కబురు పెట్టింది.

*

పైకి వచ్చేసరికి మేనేజరు గదిలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్లజుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా, ఒళ్లో తోలు సంచి. ఆమెకి పని నేర్పిన మాజీ అధికారి ఆయన. డిపార్టుమెంటులో అందరూ గురువుగారు అనేవారు. రిటైరయ్యాక ఇదే లిఫ్టుల కంపెనీకి విచారణాధికారిగా చేరాడు. ఏ ప్రమాదం జరిగినా కంపెనీకి మచ్చ అంటకుండా చూడడం ఆయన పని. ఈ మధ్య రెండు కేసుల్లో ఆమె ఎదురు నిలిచింది, రెండిట్లోనూ ఆయనే నెగ్గాడు.

మోకాళ్ల దాకా నూనె మురికితో వచ్చిన శిష్యురాలిని చూసి ఆయన లేచి కుర్చీ జరిపాడు. అందులో వెటకారం లేదు. మొదటినుంచీ మర్యాద తెలిసిన మనిషే. ఫోన్‌ని ఇరుపక్షాల సమక్షంలో సీలు వేయాలని అడిగాడు. ఆమె కుదరదంది. కోర్టు కాగితం తెస్తానన్నాడు. తెచ్చాక చూద్దామంది. మేనేజరు మెల్లగా బయటికి జారుకున్నాడు.

"సరే, నాకు ఒక్కటి చెప్పు," అన్నాడు గురువుగారు. "నేరం ఎవరిది?"

ఆమె చెప్పబోయేలోగా ఆయనే లెక్కపెట్టాడు. బటన్ నొక్కినవాడికి పైన ఏముందో తెలియదు. తీగ కలిపినవాడు చెప్పింది చేశాడు. మేనేజరుకి సరుకు గడువులోగా వెళ్లాలి. యజమాని ఈ కట్టడం మెట్లు ఎక్కి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. సరుకు కొనేవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. వాళ్ల దగ్గర చొక్కా కొని తొడుక్కునేవాడికి అది చవగ్గా దొరికితే చాలు.

"వీళ్లలో ఆమెను చంపాలనుకున్నవాడు ఒక్కడు లేడు. ఇంతమందికి ఎన్ని బేడీలు తెస్తావు?" అన్నాడు. "మన కాలంలో దొంగలు, హంతకులు పాపం ఒంటరివాళ్లు. ముఖం చూసి పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ముఖాలు లేవమ్మా. సంతకాలే ఉన్నాయి."

"సంతకాలు పెట్టినవాళ్లకి ముఖాలుంటాయి కదా సార్."

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ చూపు ఎందుకో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు. సంచి తెరిచి ఒక జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద, ఆమె వైపు తిప్పి పెట్టాడు.

గుండ్రటి చేతిరాతలో ఒక ఫిర్యాదు. రెండున్నర నెలల కిందటి తేదీ. నాలుగో అంతస్తు లిఫ్ట్ తలుపు లాగితే వచ్చేస్తోందనీ, తలుపు తెరిచి ఉన్నా లిఫ్ట్ తిరుగుతోందనీ, మేనేజరుకి మూడుసార్లు రాసిచ్చినా పట్టించుకోలేదనీ, ఎవరో ఒకరి ప్రాణం పోకముందే వచ్చి చూడమనీ పోలీసులను వేడుకుంటూ రాసింది. కింద కత్తెరక్క సంతకం. పక్కన ఖాళీ జాగాలో మరో చేతిరాత, హడావుడిగా, ఏటవాలుగా ఉంది.

'ఆధారాలు లేవు. ఫోటోలతో వస్తే పరిశీలించవచ్చు. మూసివేయడమైనది.'

దాని కింద పొట్టి సంతకం. తనదే.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఏమీ రాలేదు. నెలాఖరు అయి ఉంటుంది. పై అధికారి తనిఖీకి వచ్చేలోపు బల్ల మీద పెండింగ్ కాగితాలు ఉండకూడదని ఒకే ఊపున నలభై, యాభై ఫిర్యాదులు మూసిన పూట అయి ఉంటుంది. అన్నిటి మీదా అవే మూడు ముక్కలు రాసి ఉంటుంది. ఒక చేత్తో టీ తాగుతూ రాసినా రాసి ఉండొచ్చు. ఆ కాగితం తెచ్చిన మనిషి ఎదురుగా నిలబడిందో, బయట బల్ల మీద కూర్చుందో కూడా తెలియదు.

ఇది వీళ్ల చేతికి ఎలా వచ్చిందో ఆమె అడగకముందే గురువుగారే చెప్పాడు. స్టేషన్ రైటరు ఆ రోజే మేనేజరుకి ఫోన్ చేసి, మీ మీద ఫిర్యాదు వచ్చింది, మూసేశాం లెండి అని చెప్పి, మర్యాదకి ఒక కాపీ కూడా పంపాడట.

"నీ ఉద్యోగం పోవడం నాకిష్టం లేదు," అన్నాడు. "కంపెనీ తరఫున నేను రాసే నివేదిక నీ ఫైల్లో ఉండనీ. ఈ కాగితం నా సంచిలో ఉంటుంది. ప్రమాదం అని రాసి ముగించు."

గదిలో మిషన్ల చప్పుడు లేదు. నిన్నటినుంచీ పని ఆపించారు. ఆయన చెప్పింది చేయడం ఎంత తేలికో ఆమెకి ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా తెలిసింది. రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. అలాంటి వాక్యాలు రాయడం తన చేతికి బాగా అలవాటే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఏ మాటలతో ముగించాలో కూడా మనసులో అల్లుకుంది. అల్లుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కాగితం తీసుకుని వెనక్కి తిప్పి, కలంతో పాటు ఆయన ముందు పెట్టింది.

"ఇక్కడ సంతకం చెయ్యండి సార్."

"ఎందుకు?"

"ఇది మీ దగ్గరనుంచి తీసుకున్నట్టు రాయాలి. ఫైల్లో పెడుతున్నాను."

ఆయన కలం ముట్టుకోలేదు. ఆమె కలం వెనక్కి తీసుకుని, ఎవరి దగ్గర, ఏ తేదీన, ఏ వేళకి స్వాధీనం చేసుకున్నదీ తనే రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేసింది. పన్నెండు ముప్పై ఐదు.

*

చెల్లెలు పన్నెండు యాభైకి వచ్చింది. సిటీ బస్సు నడుపుతుందామె. డ్యూటీ మధ్యలోనుంచి రావడంతో యూనిఫారంలోనే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి గానీ మాట తొణకలేదు. నాలుగంకెల నంబరు అడగ్గానే చెప్పింది. తను పుట్టిన తేదీ, నెల.

ఫోన్‌లో చివరి ఫోటోలు మూడు. పది ముప్పై ఎనిమిదికి తీసింది తలుపు, ముప్పై తొమ్మిదికి తీసింది అంతా మసక. పది నలభైకి తీసింది మాత్రం అద్దంలా వచ్చింది. తెరిచిన పెట్టె, ఒక స్క్రూ మీద వేలాడుతున్న మూత, స్విచ్ రెండు కొసలనూ కలుపుతూ తీగ. తాడు కట్టుకుని తను వంగిన చోటే, ఏ తాడూ లేకుండా కత్తెరక్క వంగింది. లిఫ్ట్ ఎక్కడానికి కాదు.

"ఫోటో తెమ్మన్నారటండీ పోలీసులు," అంది చెల్లెలు. "అక్కకి ఫోన్‌లో ఫోటోలు సరిగ్గా తియ్యడం రాదు. చీపురు కర్రకి ఫోన్ కట్టి చూసింది, రాలేదు. రెండు నెలల్నుంచీ ఇదే గోల. ఒక్క దారం వేలాడుతున్నా చొక్కా వెనక్కి పంపే మనిషి, ఊరుకుంటుందా. ఇవాళ తీసేస్తానే అని నిన్న పొద్దున ఫోన్ చేసి చెప్పింది. తీశావా అని అడుగుదామనే మళ్లీ చేశాను."

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు చూసింది. గురువుగారు ఇంకా వెళ్లలేదు, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ముందే చెప్పాల్సి వస్తోంది. చెప్పకుండా ఉండడానికి కారణాలు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఫిర్యాదు కాగితం చెల్లెలి ముందు పెట్టి, ఏటవాలు రాతని వేలితో చూపించింది.

"ఆ మాట రాసింది నేనే."

చెల్లెలు కాగితం చూసింది, ఆమె ముఖం చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"చదివే రాశారా?"

"లేదు."

క్షమించమని అడగడానికి ఆమెకి ముఖం చెల్లలేదు. ఆ మాట ఇక్కడ ఎంత చిన్నదో తెలుసు. చెల్లెలు అరుస్తుందనుకుంది, చెయ్యి చేసుకున్నా పడాలనుకుంది. చెల్లెలు ఆ రెండూ చేయలేదు.

"అక్క మిమ్మల్నేమీ అనలేదండీ," అంది మెల్లగా. "పోలీసులు అడిగిందీ సబబే కదే, చూపించకుండా ఎలా నమ్ముతారు అంది."

ఇన్‌స్పెక్టర్ తల దించుకుంది. నూనె మరకలు పడిన తన కాళ్ల వంక చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్లలో ఎవరూ తిట్టని తిట్టులా తగిలింది ఆ మాట.

చెల్లెలు అక్క తీసిన చివరి ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తోంది. కాసేపటికి ఫోన్ ఇటు తిప్పింది. "ఇదేంటండీ, ఈ పసుపు చీటీ?"

తీగకి ఒక కొసన గోరంత ప్లాస్టిక్ చీటీ వేలాడుతోంది. దాని మీద అచ్చువేసిన అంకెలు. 14/31.

చేత్తో రాసినవి కావు. ఇన్‌స్పెక్టర్‌కి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకూడదని కోరుకుంటూనే మెకానిక్‌ని పిలిపించింది. ఫోటో చూపించగానే అతను గోడకి ఆనుకున్నాడు. తీగ ముక్క తను కత్తిరించింది కాదన్నాడు. కంపెనీవాళ్లే ఒకే కొలతకి కత్తిరించి, చీటీలు తగిలించి మెకానిక్‌లందరికీ పంచారట. కొత్త స్విచ్‌లు వచ్చాక లెక్క చూసుకుని తీసేయాలని ఆ నంబర్లు, ముప్పై ఒకటిలో ఇది పద్నాలుగోది. స్విచ్‌లు రాలేదు.

గుమ్మం దగ్గర గురువుగారు చేత్తో తలుపు రెక్క పట్టుకున్నాడు. ఈ సంగతి ఆయనకీ తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. సంచి నేల మీదికి జారింది. ఆయన వంగి తీసుకోలేదు.

"ఎక్కడెక్కడ ఉన్నాయి?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

తనకి తెలిసినవి నాలుగేనన్నాడు మెకానిక్. రెండు ఆఫీసులు, ఒక హాస్టల్, ఒక పిల్లల ఆసుపత్రి. మిగతావి వేరేవాళ్ల వంతు.

"నిన్న వాటిల్లో ఎన్ని తీశారు?"

"ఇదొక్కటే తియ్యమన్నారు మేడమ్."

"అంటే మిగతా ముప్పై లిఫ్టులూ ఇప్పుడు తిరుగుతున్నాయా?"

మెకానిక్ గడియారం వంక చూశాడు. ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు.

"భోజనాల వేళ కదా మేడమ్," అన్నాడు. "రోజు మొత్తంలో ఎక్కువ తిరిగేది ఇప్పుడే."